మూడింట్లో రెండే ఎందుకు కాలాయి? - మా బిడ్డకు తొమ్మిదో తరగతి బడి వెతికిన ఏడాది

నాది మోటర్ వైండింగ్ దుకాణం. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన మోటర్లు దుకాణం ముందు వరుసగా పడి ఉంటాయి. 2024 మే నెలలో, మా బిడ్డ ఏడో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్నప్పుడు, ఒక రైతు 3 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటర్ తెచ్చి దించిపోయాడు. విప్పి, స్టేటర్ (కాయిళ్లు చుట్టి ఉండే, తిరగని ఇనుప భాగం) బయటపెట్టి, చాయ్ తాగొద్దామని పోయాను. వచ్చేసరికి బిడ్డ దాని ముందు గొంతుక్కూర్చుని సుద్దముక్కతో ఇనుము మీద గీతలు పెడుతోంది.

"బాపూ, మూడు ఫేజులకు మూడు జట్ల కాయిళ్లు ఉంటయి గదా. రెండే నల్లగైనయి. ఒకటి కొత్తదాని లెక్కనే ఉన్నది. ఎందుకు?"

"సింగిల్ ఫేజ్ అయింది బిడ్డా. ఒక ఫేజు పోయినా ఆయన మోటర్ బంద్ చెయ్యలే. కాలింది."

"మరి పోయిన ఫేజుది కదా కాలాలె? మంచిగున్నయి ఎందుకు కాలినయి?"

ఇరవై రెండేళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను. కాయిళ్లను కలిపే తీరులు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్ మోటర్ అయితే రెండు కాలుతాయి, డెల్టా అయితే ఒకటి కాలుతుంది. చూడగానే చెప్పేస్తాను. ఎందుకని మాత్రం నన్ను నేను ఎన్నడూ అడగలేదు. "బడి తెరిచినంక మీ సారును అడుగు" అని తప్పించుకున్నాను.

బడి తెరిచింది, సారు లేడు. ఆ జూన్, జులై నెలల్లో తెలంగాణ అంతటా టీచర్ల బదిలీలు, పదోన్నతులు జరిగాయి. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే సారు వేరే మండలానికి వెళ్లిపోయాడు. ఆయన జాగాలోకి ఎవరూ రాలేదు. మన దగ్గర ఏడో తరగతి దాకా సైన్స్ ఒకటే పుస్తకం. ఎనిమిది నుంచి ఫిజికల్ సైన్స్ వేరు, బయోలాజికల్ సైన్స్ వేరు. మా బిడ్డకు పుస్తకాలు రెండైన ఏడాదే సార్లు ఒకరికి తగ్గారు. బయాలజీ టీచరే రెండూ చూసుకున్నది. పాపం ఆమెను అనడానికి లేదు. 8, 9, 10 మూడు తరగతులకు రెండు సబ్జెక్టులంటే ఎవరికైనా మనసు పెట్టి చెప్పే తీరిక ఎక్కడిది? ఎఫ్‌ఏ మార్కుల కోసం ప్రాజెక్టు రాసుకురమ్మంటే పిల్లలందరూ ఒకే గైడులోంచి దించుకొచ్చారు.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. కేంద్రం వాళ్ల ఇన్‌స్పైర్ మానక్ అని ఒకటుంది. ఒక్కో బడి నుంచి ఐదుగురు పిల్లల ఐడియాలు ఆన్‌లైన్లో పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారు చేసుకోవడానికి పిల్ల ఖాతాలోనే 10 వేలు వేస్తారు. ఫేజు పోగానే గంట మోగే డబ్బా ఒకటి చేస్తానని మా బిడ్డ బొమ్మ గీసి పెట్టుకుంది. గడువు సెప్టెంబరుతో అయిపోయింది. మా బడి నుంచి ఒక్కటీ పోలేదు. చూడాల్సిన మనిషే లేడాయె.

తొమ్మిదో తరగతికి ఈ బడి మార్చుడే అని ఆ రోజు అనుకున్నాను.

మా తోడల్లుడు ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీ. అతన్నే అడిగాను. "అన్నా, జూన్‌లో మార్చాలంటే ఇప్పటి నుంచే దరఖాస్తులు చూసుకోవాలె. ఒక్కొక్కదానికి ఒక్కో నెల" అన్నాడు. ప్రైవేటు బడుల సంగతి నేను ఎత్తలేదు. ఐఐటీ ఫౌండేషన్ అని ఫ్లెక్సీలు కట్టే బడుల ఫీజు నా వల్ల కాదు. ఉన్నా పెట్టేవాణ్ని కాదేమో. ఆ ఫ్లెక్సీల మీద ర్యాంకులు కనిపిస్తాయి గానీ పిల్లలు చేత్తో పట్టుకున్న వస్తువు ఒక్కటీ కనిపించదు. ఇది నా పైత్యమే అనుకోండి.

సర్కారు బడుల్లో మాకు దారులు నాలుగు తేలాయి. ఒకటి, ఉన్నచోటే ఉండుడు. రెండోది, మండల కేంద్రంలో మోడల్ స్కూలు. మా ఇంటికి 11 కిలోమీటర్లు. మూడోది బీసీ గురుకులం. దాని ముచ్చట తొందరగానే తేలిపోయింది. గురుకులాల్లో ఐదో తరగతిలో చేరితేనే చేరినట్టు. పై తరగతుల్లో ఎవరైనా మధ్యలో మానేస్తే మిగిలే సీట్లకే బ్యాక్‌లాగ్ పరీక్ష ఉంటుంది. మాకు దగ్గర ఉన్న దాంట్లో తొమ్మిదికి ఆ ఏడు పెద్దగా ఖాళీలే లేవు. నాలుగోది నవోదయ.

నవోదయ పేరు వినగానే మా ఇంటామె మొహం వెలిగింది. వాళ్ల ఊర్లో ఒకతను అక్కడ చదివి డాక్టర్ అయ్యాడు. 1986 జాతీయ విద్యా విధానంతో మొదలైన బడులు ఇవి, జిల్లాకొకటి, పల్లె పిల్లల కోసం. సీబీఎస్‌ఈ సిలబస్, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, అక్కడే తిండి, అక్కడే పడక. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయలు వికాస్ నిధి అని తీసుకుంటారు గానీ ఆడపిల్లలకు అదీ లేదు. అసలు భర్తీ ఆరో తరగతిలోనే అయిపోతుంది. తొమ్మిదిలో ఖాళీ అయిన సీట్లకు వేరే పరీక్ష పెడతారు. దాన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. మా జిల్లాలో ఎనిమిది చదివే పిల్లలే రాయాలి. దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు. మీసేవకు పోకుండా ఫోన్లోనే నింపాం. ఫొటో సైజు తగ్గించడానికే గంట పట్టింది.

పరీక్ష తీరు చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. మొత్తం 100 మార్కులు, రెండున్నర గంటలు. లెక్కలకు 35, సైన్స్‌కు 35, ఇంగ్లిష్‌కు 15. ఇవి పర్వాలేదు. మిగిలిన 15 హిందీకి. మన స్టేట్ సిలబస్‌లో పదో తరగతి హిందీకి 20 మార్కులు వస్తే పాస్. మిగతా అన్నిటికీ 35 కావాలి. అంటే హిందీని మనం ఎంత పట్టించుకుంటామో ఆ నంబరే చెబుతోంది. మా బిడ్డకు అక్షరాలు వచ్చు, వాక్యం రాదు. దుకాణంలో నా దగ్గర పనిచేసే బీహార్ పిల్లగాడు ఎంతో ఓపికతో రోజూ సాయంత్రం అరగంట మాట్లాడించాడు. "లింగ్ బదలో" అని వాడంటే ఇది నవ్వేది. మోటర్ ఆడదా మగదా అని రెండు రోజులు కొట్లాడుకున్నారు.

ఈ మధ్యలోనే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష కూడా వచ్చింది. సర్కారు బడిలో ఎనిమిది చదివే పిల్లలకు, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే, రాసే వీలుంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు. నాలుగేళ్లకు 48 వేలు. నాకు అది చిన్న మొత్తం కాదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అది చాలామందికి తెలియదు, నాకూ తోడల్లుడు చెప్పేదాకా తెలియదు. నవోదయలో గానీ, కేంద్రీయ విద్యాలయంలో గానీ, సర్కారే తిండీ పడకా ఇచ్చే గురుకులంలో గానీ చేరితే ఆ స్కాలర్‌షిప్ రాదు. రెండు చేతుల్లో రెండు లడ్డూలు ఉండవన్నమాట.

దసరా సెలవులకు ముందు మోడల్ స్కూలు చూడటానికి పోయాం. బిడ్డను వెంట తీసుకుపోయాను. అది నేను చేసిన మంచి పని. చుట్టూ గోడ, పెద్ద గ్రౌండు, ఆరు నుంచి ఇంటర్ దాకా ఇంగ్లిష్ మీడియం. రాష్ట్రంలో ఇలాంటివి 194 ఉన్నాయి. ఇంటర్ కూడా ఉండటం వల్ల ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీకి వేరువేరు ల్యాబు గదులు ఉన్నాయి. బోర్డులు చూడగానే బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గదులకు తాళాలు ఉన్నాయి. "తాళంచెవి ల్యాబు మేడం దగ్గరుంది, మేడం లీవు" అన్నాడు అటెండరు. సరే, అందరికీ లీవులుంటాయి. పదిహేను రోజులు ఆగి మళ్లీ పోయాం. ఈసారి తీశారు. బల్లల మీద దుమ్ము లేదు, అబద్ధం చెప్పను. అద్దాల బీరువాలో పరీక్షనాళికలు వరుసగా ఉన్నాయి. బిడ్డ దగ్గరకు పోయి చూసి నా చెవిలో అన్నది: "బాపూ, వాటి మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా తియ్యలే." పక్కన ఇంకో గది, అటల్ టింకరింగ్ ల్యాబు. నీతి ఆయోగ్ వాళ్లు ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇచ్చి పెట్టించేవి ఇవి. లోపల త్రీడీ ప్రింటరు మీద పూల దుప్పటి కప్పి ఉంది. పెండ్లికూతురిని దాచినట్టు.

అక్కడున్న సైన్స్ సారు మర్యాదగానే మాట్లాడాడు. బిడ్డ తన ప్రశ్న అడిగింది. కాయిళ్లు, మూడు ఫేజులు, అంతా చెప్పింది. ఆయన మధ్యలోనే నవ్వి, "ఇదంతా పెద్ద క్లాసుల్లో వస్తదమ్మా. ఇప్పుడు ఎనిమిదోదే కదా, సిలబస్ మంచిగ చదువుకో" అన్నాడు. తిట్టలేదు, విసుక్కోలేదు. తలుపు మాత్రం దగ్గరికి వేశాడు. బయటికొచ్చాక నాకు గుర్తొచ్చింది, మే నెలలో నేను చేసిందీ అదే కదా అని.

న్యాయంగా చెప్పాలంటే ఆ బడిలో లెక్కల మేడం గట్టిది. మేం వరండాలో నిలబడి ఉంటే లోపల తొమ్మిదో తరగతికి పాఠం చెబుతోంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి బోర్డు దగ్గరికి పోయి చేస్తున్నారు. తప్పు చేసిన పిల్లను కూచోబెట్టకుండా ఎక్కడ తప్పిందో ఆ పిల్లతోనే చెప్పించింది. మా బడిలో లెక్కల పాఠం అంటే సారు చేస్తాడు, పిల్లలు ఎక్కించుకుంటారు. ఈ తేడా నన్ను చాలా రోజులు పీకింది.

నవోదయకు నేనొక్కణ్నే పోయాను. తెలిసినాయన కొడుకు అక్కడ పది చదువుతున్నాడు. తల్లిదండ్రులను రానిచ్చే ఆదివారం నన్నూ వెంట తీసుకుపోయాడు. చెట్లకింద చాపలు పరిచి సద్దులు విప్పుకున్న జనం, జాతర లెక్క ఉంది. ఆ పిల్లవాడిని ల్యాబులో ఏం చేస్తారురా అంటే టైట్రేషన్ సంగతి, పోయినేడు సైన్స్ ఎగ్జిబిషన్‌కు వేరే జిల్లా పోయిన సంగతి ఆపకుండా చెప్పాడు. వాళ్ల నాయిన పెట్టిన గారె చేతిలోనే ఉండిపోయింది. ఆ ఒక్కటి చూసే నాకు బడి నచ్చింది. పిల్లలు నేర్చుకున్నది తల్లిదండ్రులకు చెప్పుకోవాలని ఆగలేకపోతున్నారంటే అక్కడేదో జరుగుతున్నట్టే.

ఇంటికొచ్చి చెబితే ఇంటామె సంబరపడింది. మైగ్రేషన్ సంగతి చెప్పేదాకా. నవోదయల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు, అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. దేశం తెలవాలని పెట్టారు. "జిల్లా దాటించుడే కష్టమని నేననుకుంటుంటే రాష్ట్రం దాటిస్తరట" అని ఆమె గిన్నెలు గట్టిగా పెట్టింది. బిడ్డ మాత్రం, "నన్ను పంపుతరా? రైల్లనా?" అని ఎగిరింది.

ఇదంతా నడుస్తుండగా, దసరా అయిపోయి బడి తెరిచిన కొద్ది రోజులకు, మా ఊరి హైస్కూలుకు కొత్త టీచర్ వచ్చింది. 2024 డీఎస్సీలో ఎంపికైనవాళ్లకు అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చారు కదా, ఆ బ్యాచ్. ఫిజికల్ సైన్స్. వయసు ముప్పై లోపే. మొదటిరోజు సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా అన్నది: "బాపూ, మేడం నాకు తెల్వదన్నది."

"ఏం తెల్వదట?"

"మోటర్ సంగతి. నేనెప్పుడూ మోటర్ విప్పి చూడలే, ఆ కాయిల్ ముక్క ఉంటే తెస్తవా అన్నది."

కాలిన కాయిళ్లు మా దగ్గర గోనె సంచుల్లో ఉంటాయి, కిలోల లెక్కన అమ్ముతాం. ఒక నల్ల ముక్క, ఒక మంచి ముక్క కత్తిరించి ఇచ్చాను. మేడం నాలుగు రోజులు ఏం చెప్పలేదట. ఐదో రోజు క్లాసులో ముగ్గురు పిల్లలను లేపి ఒక బెంచీ మొయ్యమన్నది. మోస్తుండగానే ఒకరిని వదిలెయ్యమన్నది. బెంచీ పడలేదు. మిగిలిన ఇద్దరి చేతులు గుంజాయి. "వదిలేసిన పిల్ల చేతులకు నొప్పి ఉందా?" అని అడిగిందట. లేదు. అందుకే ఆ కాయిల్ కొత్తదాని లెక్క ఉంది.

నాకు అక్కడితో చాలనిపించింది. మేడమే ఆగలేదు. "ఇది పోలిక మాత్రమే, కారణం కాదు. ఎంత ఎక్కువ బరువు పడుతుందో కొలిస్తే తెలుస్తుంది. మీ బాపు దగ్గర కొలిచే మీటర్ ఉంటుందా? ఆయన పక్కన లేకుండా ముట్టుకోవద్దు" అని చెప్పి పంపింది.

ఆ ఆదివారం దుకాణంలో బాగుచేసిన మోటర్ ఒకటి బల్ల మీద పెట్టి, మూడు ఫేజుల మీద లోడు లేకుండా తిప్పాను. టంగ్ టెస్టర్ వైరుకు తగిలించి బిడ్డ చేతికి ఇచ్చాను. 2.1 ఆంపియర్లు. ఒక ఫ్యూజు లాగేశాను. మోటర్ ఆగలేదు, గొంతు మారింది, మూలుగుతున్నట్టు. పోయిన లైనులో సున్నా. మిగిలిన లైన్లలో 3.6. వెంటనే బంద్ చేశాను. బిడ్డ నా బిల్లుబుక్కు వెనుక భాగాహారం చేసింది. సుమారు 1.7 రెట్లు. సోమవారం మేడంకు చూపిస్తే, వేడి అనేది కరెంటును అదే కరెంటుతో గుణించినట్టు పెరుగుతుందని, 1.7ను 1.7తో గుణించమని చెప్పిందట. దాదాపు 3. పదో తరగతి కరెంటు పాఠంలో వచ్చే ముచ్చట అది, ఎనిమిదో తరగతిలోనే మా బిడ్డ చేతికి వచ్చింది. స్టార్‌లో మూడు కాయిళ్ల చివరలు ఒకచోట కలుస్తాయి కాబట్టి, ఒక లైను పోతే ఆ కాయిల్లో కరెంటే నడవదు. మిగతా రెండూ ఒకదాని వెనుక ఒకటి అయిపోయి, నీళ్లు లాగే పనంతా మీదేసుకుని, మూడు రెట్ల వేడికి మాడిపోతాయి. ఇరవై రెండేళ్లుగా నేను రోజూ చూసే మసికి లెక్క దొరికింది.

మేడం ఇంకో పని చేసింది. మా బడిలో ల్యాబు అంటే గది కాదు, స్టాఫ్ రూములో ఒక ఇనుప బీరువా. తాళంచెవి ఎక్కడో పోయింది. తాళం పగలగొట్టించి, లోపలున్నవన్నీ పిల్లలతోనే జాబితా రాయించింది. శృతిదండాలు ఆరు, దండాయస్కాంతాలు తొమ్మిది (వాటిలో నాలుగింటికి బలం లేదు), గాల్వనోమీటర్లు మూడు, ఒకదాని ముల్లే కదులుతుంది. చీటీ ఊడిపోయిన సీసాలు పక్కన పెట్టించి, ఏముందో తెలియని దాన్ని ఎవరూ మూత తియ్యొద్దని గట్టిగా చెప్పింది. కొత్త తాళం కొన్నది. ఒక చెవి తన దగ్గర, రెండోది తొమ్మిదో తరగతి లీడర్ దగ్గర.

ఇప్పుడు నా లెక్క తారుమారైంది. సెప్టెంబరులో వదిలేద్దామనుకున్న బడిలోనే ఇదంతా నడుస్తోంది.

ఫిబ్రవరిలో నవోదయ పరీక్ష రాసింది. హిందీ ఎలా ఉందంటే, "మోటర్ రాలేదు" అన్నది. మార్చి నెలాఖరులో ఫలితాలు వచ్చాయి, మా నంబరు లేదు. బిడ్డ ఒక పూట అన్నం తినలేదు. రైలు పోయిందనే బాధే ఎక్కువ అనుకుంటాను. ఖాళీ సీట్ల కోసమే పెట్టే పరీక్ష కాబట్టి పోటీ అట్లనే ఉంటుందని ముందే అనుకున్నాం, అయినా ఇంటామె దేవుడి గదిలోంచి చాలాసేపు రాలేదు. ఎన్‌ఎంఎంఎస్ మాత్రం వచ్చింది. మోడల్ స్కూల్లో ఖాళీల పరీక్ష ఏప్రిల్‌లో రాసింది, సీటు వచ్చింది. మోడల్ స్కూలుకు రోజూ ఇంటి నుంచే పోయి వస్తే స్కాలర్‌షిప్‌కు అడ్డం లేదు. అంటే జూన్‌కు మా ముందు రెండే మిగిలాయి, మండలంలో మోడల్ స్కూలు, ఊర్లో హైస్కూలు.

ఇంట్లో వారం రోజులు పంచాయితీ. మా అమ్మ ఊరి బడే అన్నది, ఆమె కారణం వేరు, మనవరాలు కళ్ల ముందు ఉండాలి. ఇంటామె మోడల్ స్కూలే అన్నది. అక్కడైతే ఇంటర్ దాకా మళ్లీ వెతుకులాట ఉండదు. చుట్టాల్లో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది, అదీ నిజమే కదా. బస్సు ఖర్చు ముచ్చటే లేదు, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఫ్రీ. అయితే పొద్దున ఒకటే బస్సు, ఎక్కడానికి కాదు గదా వేలాడటానికి కూడా జాగా ఉండదు. నేను రెండు రోజులు అదే టైముకు బస్టాండులో నిలబడి చూశాను. ఒకరోజు బస్సు ఆపకుండానే పోయింది.

నా భయం ఇంకోటి. ఒక్క టీచర్‌ను చూసుకుని బడి ఎంచుకుంటే, రేపు ఆమె బదిలీ అయిపోతే? ఒకసారి చూసిన దెబ్బే కదా. తోడల్లుడిని అడిగాను. "బదిలీకి పెట్టుకోవాలంటే ఒక్కచోట కనీసం రెండేండ్లు చేసి ఉండాలె అన్నా. ఆమె మొన్ననే గదా చేరింది" అన్నాడు. రెండేళ్లంటే తొమ్మిది, పది సరిపోతాయి. పెళ్లి అయితేనో, డిప్యుటేషన్ మీద వేరేచోటికి పంపితేనో ఎవరేం చెయ్యగలరు? అన్నిటికీ గ్యారంటీ కార్డు రాయించుకోవడానికి ఇది మోటర్ కాదు. నా మోటర్లకే ఆరు నెలల కంటే ఎక్కువ రాయను.

చివరికి బిడ్డనే అడిగాం. ఆమె లేచిపోయి నోటుబుక్కు తెచ్చింది. ఒక పేజీలో రెండు బడుల పేర్లు, మధ్యలో గీత. మోడల్ స్కూలు కింద "ల్యాబులు మూడు, లెక్కల మేడం, కవర్ తియ్యని ట్యూబులు" అని రాసి ఉంది. మా బడి కింద "బీరువా, బెంచీ, తెల్వదు అన్నది".

"ఈ ఆఖరుది మంచిగ రాసినవా, చెడ్డగ రాసినవా?" అని అడిగింది వాళ్లమ్మ.

"మంచిగనే" అన్నది.

ఊరి బడిలోనే ఉంచాం. ఇంటామె ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. పది అయిపోయాక మళ్లీ ఈ తిరుగుడు తప్పదని ఆమె అంటుంది. అది నిజమే. అప్పుడు నవోదయ పదకొండో తరగతి, రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ, బాసర ట్రిపుల్ ఐటీ, అన్నీ మళ్లీ చూడాలి. లెక్కల సంగతిలో నాకూ మనసు గుంజుతూనే ఉంది. మోడల్ స్కూల్లో ఆ మేడం దగ్గర కూచుంటే ఎట్లుండేదో అని. దానికి మేం చేసిందల్లా, పక్క ఊర్లో ఉండే రిటైరైన లెక్కల సారు ఇంటికి ఆదివారాలు సైకిల్ మీద పంపడం. ఆయన ఫీజు తీసుకోడు, బోరు మోటర్ చెడితే నేను తీసుకోను.

తొమ్మిదో తరగతి మొదలయ్యాక ఇన్‌స్పైర్‌కు మా బడి నుంచి ఐదుగురి ఐడియాలు పోయాయి. గంట మోగే డబ్బా కూడా అందులో ఉంది. అలాంటి పరికరం బజార్లో ఎప్పటినుంచో ఉందని, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అంటారని నేను ముందే చెప్పాను. "ఉంటే రైతులు ఎందుకు పెట్టుకుంటలేరు?" అని అడిగింది. దానికి జవాబు నాకు తెలుసు. స్టార్టర్‌లో పెట్టించినా, కరెంటు కొద్దిగా అటూ ఇటూ అయినప్పుడల్లా మోటర్ ఆగిపోతోందని వాళ్లే వైరు తీసి డైరెక్ట్ చేసుకుంటారు. ఆమె అది కూడా రాసుకుంది. ఆపకుండా మోగితే చాలు, ఆపాలా వద్దా రైతే చూసుకుంటాడని ఐడియా మార్చింది.

మొన్న ఒక ఏడున్నర హెచ్‌పీ మోటర్ వచ్చింది. డెల్టా. బడి నుంచి వచ్చి స్టేటర్‌లో టార్చి కొట్టి చూసింది. ఈసారి ఒకటే జత నల్లగా ఉంది, రెండు మంచిగా ఉన్నాయి.

"బాపూ, బెంచీ లెక్క ఇక్కడ పనిచేస్తలేదు."

"మీ మేడంను అడగరాదు?"

"ఆమెకు కూడా తెల్వకపోవచ్చు" అన్నది, అదేదో పండుగ అయినట్టు. కాలిన కాయిల్ ముక్క ఒకటి కత్తిరించి, పేపర్లో చుట్టి, పొద్దున టిఫిన్ డబ్బా పక్కనే బ్యాగులో పెట్టుకుంది. డబ్బాకు మసి అంటుతదని వాళ్లమ్మ గడప దాకా వెంటపడి తిట్టింది.